నిబంధన మారకుండానే: వాల్టర్ టల్ జీవితం



ఫుట్‌బాల్ నేర్పిన ఒక గురువు పేరిట జరుగుతున్న ఈ సభలో ఒక ఆటగాడి గురించి మాట్లాడటమే సబబనిపించింది. రికార్డు పుస్తకాలు తిరగేస్తే వాల్టర్ టల్ పేరు పెద్దగా కనబడదు. టాటెన్‌హామ్ హాట్‌స్పర్ (స్పర్స్) తరఫున ఆడిన లీగ్ మ్యాచ్‌లు 10, కొట్టిన గోల్స్ 2.

టల్ 1888లో ఇంగ్లండు దక్షిణ తీరాన ఫోక్‌స్టోన్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి, తాత బానిస. తల్లి కెంట్ ప్రాంతపు తెల్లజాతి మహిళ. పిల్లవాడికి పదేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. సవతి తల్లికి అంతమందిని సాకడం కష్టమై, వాల్టర్‌నూ అన్న ఎడ్వర్డ్‌నూ లండన్‌లోని బెత్నల్ గ్రీన్ అనాథాశ్రమంలో చేర్చారు. తర్వాత గ్లాస్గోలోని ఒక కుటుంబం ఎడ్వర్డ్‌ను దత్తత తీసుకుంది, ఆయన దంతవైద్యుడయ్యాడు. వాల్టర్ ఆశ్రమంలోనే ఉండి అచ్చుపని నేర్చుకున్నాడు, బంతి ఆడాడు.

1909లో స్పర్స్ అతన్ని తీసుకుంది. ఆ అక్టోబరులో బ్రిస్టల్‌లో ఆడుతుంటే ప్రేక్షకుల్లో ఒక గుంపు రంగు పేరెత్తి తిట్టిపోసింది. చేపల బజారులో కూడా అంత నీచమైన మాటలు వినబడవని ఒక విలేకరి రాశాడు. మైదానంలో ఉన్న తెల్ల ఆటగాళ్లందరికీ టల్ నడవడే ఆదర్శమని కూడా రాశాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే స్పర్స్ అతన్ని మొదటి జట్టు నుంచి తప్పించింది. 1911లో నార్తాంప్టన్ టౌన్ మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ పిలిచి ఆడించాడు. తర్వాతి రోజుల్లో ఆర్సెనల్‌ను నిలబెట్టిన చాప్‌మన్ ఈయనే. అక్కడ హాఫ్ బ్యాక్‌గా టల్ నూటికి పైగా మ్యాచ్‌లు ఆడాడు.

1914 చివర్లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, ఇంగ్లండులో ఫుట్‌బాలర్లంటే జనానికి కోపం. కుర్రాళ్లు కందకాల్లో చస్తుంటే వీళ్లు జీతాలు తీసుకుని ఆడుతున్నారని పత్రికలు దుయ్యబట్టాయి. డిసెంబరులో మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్ ఏర్పడింది. జనం దాన్ని ఫుట్‌బాల్ బెటాలియన్ అన్నారు. టల్ ఆ నెలలోనే చేరి, త్వరలోనే సార్జెంటయ్యాడు. 1916లో ఫిరంగుల మోతకు మనసు చెదిరి ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకున్నాక ఫ్రాన్సుకు తిరిగి వెళ్లాడు. టల్ గురించి చెప్పేవాళ్లు ఈ ఘట్టాన్ని గబగబా దాటేస్తారు. నా మటుకు, అది అనుభవించాక కూడా తిరిగి వెళ్లడమే అతని ధైర్యానికి అసలైన సాక్ష్యం.

అధికారి కావాలంటే శుద్ధ ఐరోపా సంతతివాడై ఉండాలన్నది ఆనాటి సైన్యపు నిబంధన. అయినా 1917 మే 30న టల్ సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. నిబంధనను ఎవరూ కొట్టెయ్యలేదు. సోమ్ యుద్ధం తర్వాత అధికారుల కొరత అంత తీవ్రంగా ఉంది. లక్షలాది భారతీయ సిపాయిలను యుద్ధానికి పంపిన మన దేశానికి కూడా ఆ ఏడాది ఆగస్టులోనే బ్రిటిష్ ప్రభుత్వం కింగ్స్ కమిషన్, అంటే సైన్యాధికారి హోదా, తలుపు కాస్త తెరిచింది. పొందినవాళ్లు తొమ్మిది మంది. రెండు చోట్లా ఆ తలుపు తెరిపించింది యుద్ధ అవసరమే. టల్ కన్నా ముందే ఒకరిద్దరు నల్లజాతి అధికారులు ఉన్నారని చరిత్రకారులు తేల్చారు కాబట్టి, అతన్ని మొదటివాడనాలా వద్దా అన్న తగాదాలో నాకు ఆసక్తి లేదు.

అధికారిగా టల్ ఇటలీలో పియావే నది దగ్గర 26 మందిని రాత్రివేళ నది దాటించి దాడికి తీసుకెళ్లి, అందరినీ క్షేమంగా వెనక్కు తెచ్చాడు. అతని ధైర్యాన్నీ నిబ్బరాన్నీ డివిజన్ కమాండరు ప్రశంసించాడు. 1918 మార్చి 25న, జర్మన్ల వసంతకాలపు దాడిలో, ఫావ్రేయ్ దగ్గర తూటా తగిలి పడిపోయాడు. ఫుట్‌బాల్ గోల్‌కీపరైన ఒక సిపాయి తూటాల మధ్యే అతన్ని మోసుకురాబోయాడు గానీ జర్మన్లు ముంచుకొస్తుంటే వదిలేయక తప్పలేదు. శవం దొరకలేదు. ఆరాస్ స్మారకం మీద పేరు చెక్కారు. నార్తాంప్టన్ క్లబ్బు మైదానం పక్కన 1999లో ఒక స్మారకం వెలిసింది. అక్కడి దారికి ఇప్పుడు అతని పేరే.