అర్థశాస్త్ర బోధన
(కళాశాల విద్యార్థుల సభలో గావించిన ఉపన్యాసము)



మేము న్యాయవాద వృత్తిలోనివారము, బోధకులము గాము. అయినను ఒకప్పుడు కళాశాలలో అర్థశాస్త్రము చదివి పట్టము పొందినవారమగుటచే రెండు మాటలు మనవి చేయ సాహసించుచున్నాము.

గిరాకి హెచ్చినచో ధర పెరుగును. ధర పెరిగినచోటికి సరకు తానై చేరును. ఈ సూత్రమును మేమును వల్లించితిమి. గీతలు గీచి మార్కులు సంపాదించితిమి. కాని, గిరాకి యనగా ఆకలి కాదనియు, చేత రూకలు గలవాని కోరిక మాత్రమే యనియు మాకెవ్వరును విప్పి చెప్పరైరి.

ఈ యొక్క మాట మరచినందున కలుగు అనర్థమునకు మన చరిత్రయే సాక్షి. 1876-78 క్షామమున బళ్లారి, కర్నూలు మండలములు అల్లాడిపోయినవి. ఆ కాలముననే ధాన్యము ఓడలకెక్కి విదేశములకు పోవుచుండెను. ఆకలిగొన్నవాని యొద్ద రూక లేదు. కావున సరకు అతని కడకు రాలేదు. వర్తకమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని లిట్టను ప్రభువు శాసించెను. సహాయపు పనులలో శ్రమించు పురుషునకు దినమునకొక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని 1877లో సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. ఆయన చదివినది హెయిలీబరీ కళాశాల. కుంపిణీ ఉద్యోగులకై స్థాపింపబడిన ఆ విద్యాలయముననే 1805 మొదలు మాల్థసు అర్థశాస్త్రము బోధించెను. తరగతిలో నేర్చిన పాఠము తరగతిలోనే నిలిచిపోదు.

శాస్త్రమే తప్పని మా వాదము కాదు. సగము పాఠము చెప్పి విడుచుటయే తప్పు. ఇంగ్లండున పుట్టిన సూత్రములు సర్వదేశములకు, సర్వకాలములకు వర్తింపవని 1892లోనే రానడేగారు పూనా దక్కను కళాశాలలో ఉపన్యసించిరి. 1943 వంగదేశ క్షామమునకు ధాన్యలోపమే ప్రధానకారణము కాదనియు, బియ్యపు ధరతో సమముగా కూలి పెరుగకపోవుటచే పేదలు కొనలేక మరణించిరనియు అమర్త్య సేన్‌గారు 1981లో వాదించిరి. ఈ చరిత్రయు పాఠములో భాగమే.

ఆచార్యులారా! గిరాకి పాఠము చెప్పునాడు విద్యార్థులను సంతకు గొనిపొండు. సరకు కొన్నవానినే గాక, ధర విని వట్టి సంచితో మరలిపోవువానిని గూడ చూపుడు. మీ పటములో అతడు ఏ గీతపై నున్నాడో వారినడుగుడు.

విద్యార్థులారా! ప్రతి సూత్రమునకును ముందు ఇది ఏ ఊహపై నిలిచినదని ప్రశ్నింపుడు. రేపు మీలో కలెక్టర్లు, శాసనసభ్యులు కానున్నవారు కలరు. మీ పాఠమున లోపమున్నచో దాని వెల చెల్లించువారు కళాశాల గడప యెన్నడును త్రొక్కనివారే సుమా!