ఫిల్ము ఛాయాచిత్రం – నేటికీ తరగని విలువ

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంచిక కోసం పాత ఛాయాచిత్రాలను సేకరించే పని మొదలైనప్పుడు ఒక సంగతి బయటపడింది. పాఠశాల కార్యాలయంలోని ఇనుప పెట్టెలో, కాగితపు కవర్లలో ఉంచిన నెగటివులు 1960ల నాటివి సైతం చెక్కుచెదరక దొరికాయి. వాటినుండి ముద్రించిన చిత్రాలలో ముందు వరుసన నేలమీద కూర్చున్న పిల్లల చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చును. అయితే 2007 నుండి 2011 వరకు గల ఐదేండ్ల తరగతి చిత్రాలు ఒక్కటైనా లభించలేదు. అవన్నీ డిజిటల్ కెమెరాతో తీసినవి; ఒకే కంప్యూటరులో దాచినవి. దాని డిస్కు చెడిపోవడంతో ఆ ఐదేండ్ల పిల్లల ముఖాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. తాతల బాల్యం నిలిచి ఉంది. మనుమల బాల్యం నిలువలేదు. ఇది ఆలోచించదగిన విషయం.

ఛాయాచిత్ర కళ లోకానికి వెల్లడైనది 1839లో. ఫ్రాన్సులో డగేర్ వెండి పూత పూసిన రాగి రేకు మీద ప్రతిబింబాన్ని నిలిపినాడు. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను ప్రవేశపెట్టిన తరువాత ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చింది. ఫిల్ము మీద జిలటిన్ పొరలో వెండి లవణపు సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు సోకిన స్ఫటికాలలో కంటికి కనిపించని మార్పు కలుగుతుంది. డెవలపర్ ద్రావణం ఆ స్ఫటికాలను నల్లని వెండి రేణువులుగా మారుస్తుంది. వెలుతురు సోకని లవణాన్ని హైపో ద్రావణం కరిగించివేస్తుంది. పిమ్మట పారే నీటిలో బాగుగా కడిగితే నెగటివు సిద్ధమవుతుంది. అనగా, ఎదుట నిలిచిన మనిషిని తాకి వచ్చిన వెలుగే ఆ ఫిల్మును తాకి తన గుర్తును అక్కడ విడిచిపోయినదన్నమాట.

ఈ గుర్తును చూడడానికి ఏ యంత్రమూ అవసరం లేదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలును. డిజిటల్ చిత్రం అంకెల సముదాయం. దానిని చదవడానికి తగిన యంత్రం, తగిన సాఫ్ట్‌వేర్, ఒక్కొక్కప్పుడు సంకేత పదం కూడా కావాలి. నిన్నటి ఫ్లాపీలను చదివే యంత్రాలు నేడు ఎన్ని ఇండ్లలో ఉన్నాయి?

హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధి గాంచిన రాజా దీనదయాళ్ 1905లో కాలధర్మం చెందినారు. ఆయన గాజు పలకల నెగటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆనాటి రాజప్రాసాదాలు, కట్టడాలు, మనుషుల వేషధారణ ఎట్లుండెనో ఆ పలకలు సాక్ష్యం చెబుతున్నాయి.

తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సమీపంలోనే ఇందుకు సంబంధించిన మరొక చరిత్ర ఉంది. నీలగిరులలోని ఉదకమండలంలో 1960లో స్థాపితమైన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి ప్రారంభించింది. ‘ఇందు’ అనే పేరుతో ఆ సంస్థ తయారుచేసిన నలుపు తెలుపు ఫిల్ములు, కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములు దేశమంతటా వాడుకలో ఉండేవి. ఆ కర్మాగారం ఇప్పుడు మూతపడింది. కొడాక్ సంస్థలోనే 1975లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరాను రూపొందించగా, అదే సంస్థ 2012లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. అయినను ఫిల్ము అంతరించలేదు. కొడాక్ ఫిల్ములు నేటికీ తయారవుతున్నాయి. 2024లో పెంటాక్స్ సంస్థ సరికొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేసింది. దానిని ఆదరించిన వారిలో యువతీ యువకులు కూడా ఉండటం గమనార్హం.

డిజిటల్ విధానాన్ని నిందించడం ఉచితం కాదు. అది పేదవాని ఇంటికి కూడా ఛాయాచిత్రాన్ని చేర్చింది. ఒకనాడు పెండ్లికి తప్ప ఫోటో ఎరుగని కుటుంబాలు నేడు బిడ్డ తొలి అడుగును కూడా చిత్రించుకుంటున్నాయి. ఫిల్ముకు లోపాలూ ఉన్నాయి. తేమ తగిలితే బూజు పడుతుంది; సరిగా కడగకపోతే మరకలు పట్టి వన్నె తగ్గుతుంది; నేడు దాని ధర కూడా అధికమే. నెగటివు మీద పెన్సిలుతో ముఖాలకు నగిషీలు దిద్దడం పూర్వం స్టూడియోలలో మామూలే కనుక, ఫిల్ము ఎన్నడూ అబద్ధమాడదని చెప్పడానికీ వీలులేదు. కాని మూలప్రతి ఒకటి చేతికి అందేలా ఉన్నప్పుడు సరిపోల్చి చూసే అవకాశం మిగిలి ఉంటుంది.

విద్యాలయానికి ఫిల్ము నేర్పే పాఠం మరొకటి కూడా ఉంది. అగ్ఫా క్లిక్ కెమెరాలో ఒక రోలుకు వచ్చేవి పన్నెండు చిత్రాలే. అందువల్ల మీట నొక్కడానికి ముందు ఆలోచించక తప్పేది కాదు. ఎండ ఎటు ఉంది? ఎవరి ముఖం మరుగున పడింది? వెనుక వరుసలో పొట్టి పిల్లవాడు కనిపిస్తున్నాడా? బల్లలు వేసి, వరుసలు దిద్ది, “ఎవరూ కదలవద్దు” అని ఫోటోగ్రాఫరు హెచ్చరించిన ఆ క్షణాన తరగతి అంతా ఒక్క ఊపిరిగా నిలిచేది. ఆ తరువాత ప్రింటు కోసం రోజుల తరబడి ఎదురుచూపులు. పొదుపు, పరిశీలన, నిరీక్షణ అనే మూడు గుణాలను ఆ చిన్న పెట్టె అప్రయత్నంగా నేర్పింది. పదవ తరగతి రసాయనశాస్త్రంలో వెండి లవణం ఎండకు రంగు మారుతుందని చదివే పిల్లలు, అట్టపెట్టెకు సూదిరంధ్రం చేసి, లోపల ఫోటో కాగితం ఉంచి, తమ బడి భవనాన్ని తామే చిత్రించుకుంటే ఆ పాఠం జీవితాంతం గుర్తుండిపోతుంది.

ఈ జూబిలీ సందర్భంగా పాఠశాల చేయదగిన పని స్వల్పమైనది. ఏటా ప్రతి తరగతికి ఒక సామూహిక చిత్రాన్ని నలుపు తెలుపు ఫిల్ము మీద తీయించాలి. నెగటివును తేమ తగలని చోట కాగితపు కవరులో ఉంచాలి. ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతో ఎడమ నుండి కుడికి అందరి పేర్లూ తెలుగులో వ్రాయాలి. డిజిటల్ ప్రతులు కూడా రెండు మూడు చోట్ల ఉంచాలి. పేరు లేని ముఖం రెండు తరాల తరువాత అనామకమవుతుంది కనుక ఈ పనిలో పిల్లలందరూ పాలుపంచుకోవాలి.

కోల్పోయిన ఆ ఐదేండ్ల విద్యార్థులు ఈ సభలోనే ఉన్నారు. ఎవరి ఇంట నైనా, ఎవరి ఆల్బములో నైనా ఆనాటి ప్రింటు ఒక్కటి ఉంటే కార్యాలయానికి తెచ్చి చూపవలసిందిగా ప్రార్థన. ఫిల్ము కెమెరాతో ప్రతిని తీసి, అసలును అదే రోజున తిరిగి ఇవ్వగలరు. ఇనుప పెట్టెలో ఆ ఐదు కవర్ల చోటు ఖాళీగానే ఉంది.