బాడుగకు దిగే ముందు కాగితాలు: మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



మా పొదుపు, అప్పుల లెక్కలు నివేదికలో అచ్చయి ఉన్నాయి, వాటిని మళ్లీ చదవము. సమాఖ్య వాళ్లు మమ్మల్ని అడిగింది వేరే. చెనక్కాయ చిక్కీ, పొడులు చేసేదానికి మేము ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నాము కదా, దిగే ముందు ఏయే అనుమతులు తెచ్చుకున్నాము, ఎట్ల తెచ్చుకున్నాము అని చెప్పమన్నారు. ఈ ఏడు మన మండలంలో ఇంకా కొన్ని సంఘాలు బాడుగ గదుల్లో పని మొదలు పెట్టాలని అనుకుంటున్నాయి. వాళ్లకు పనికొస్తుందని చెప్తున్నాము.

మన అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. అది కూడా ఒక ఏడు పడతాది, ఒక ఏడు మొగం చాటేస్తాది. మా పది మందిలో ఎనిమిది ఇండ్లకు చెనక్కాయే పంట. పంట పోయిన ఏడు బెంగళూరుకు పోయి కట్టడాల కాడ ఇటుకలు మోసినోళ్లు మాలో ముగ్గురు ఉన్నారు. ఊర్లోనే ఉండి చేసుకునే పని కావాలని చిక్కీ మొదలు పెట్టినాము. మొదట మా సభ్యురాలి పడసాలలో రెండు పొయ్యిల మీద చేసినాము. ఆర్డర్లు పెరిగినాక విత్తనాలు వేయించే మిషను, పొడి కొట్టే మిషను కొనాలనుకున్నాము. పడసాల చాలలేదు. బ్యాంకు అప్పు మంజూరైంది. ఇల్లు చూసుకుని దిగడమే తరువాయి అనుకున్నారు అందరూ.

అప్పుడు మా మీటింగులో ఒక మాట వచ్చింది. మన ఇంట్లో మనం చేసుకుంటే అడిగేవాళ్లు తక్కువ. బాడుగ ఇంట్లో మిషను పెట్టి వ్యాపారం చేస్తే, రేపు ఏ ఆఫీసోళ్లు వచ్చినా తలుపు తీసేది ఇంటాయన కాదు, మనము. ఇల్లు ఆయనది, జవాబు మనది. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ ఇంటికి ఉండాల్సిన కాగితాలు ఉన్నాయా, మన పనికి అనుమతి వస్తాదా అని చూడాలని తీర్మానం రాసుకున్నాము.

మొదట చూసిన ఇల్లు కాలనీలో ఉంది. బాడుగ తక్కువ, గదులు పెద్దవి. పట్టా చూపించమంటే ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా చూపించినారు. అసైన్డ్ భూములకు 1977లో చేసిన చట్టం ఉంది. అందులో బదిలీ అంటే అమ్మడం ఒకటే కాదు, లీజుకు ఇయ్యడం కూడా దాని కిందికే వస్తాది. తర్వాత ఆ చట్టంలో మార్పులు వచ్చినాయి. కాబట్టి అక్కలారా, అట్లాంటి పట్టా కనపడితే తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకనే మాట ఇయ్యండి. మాకు అంత సమయం లేదు, ఆ ఇల్లు వదిలినాము.

రెండోది ఊరి మధ్యలో, బస్సు నిలబడే కాడ. ఇంటాయన పెద్దమనిషి, మేమంతా చిన్నాయనా అని పిలుస్తాము. కింద ఇల్లు, పైన తర్వాత కట్టిన ఒక హాలు. కిందికి నెలకు 4,500, పై హాలుకు 3,000 చెప్పినాడు. హాలు పెద్దది, గాలి బాగా వస్తాది, పైగా 1,500 తక్కువ. మాలో చాలామందికి పైనే నచ్చింది. కాగితం అడిగితే చిన్నాయన ఇంటిపన్ను రసీదు తెచ్చి ఇచ్చినాడు.

ఇక్కడ ఒక సంగతి అందరూ గుర్తు పెట్టుకోవాలి. పన్ను రసీదు వేరే, కట్టడానికి అనుమతి వేరే. అనుమతి లేకుండా కట్టిన దానికి కూడా పన్ను వసూలు చేస్తారు. పల్లెలో అయితే కట్టడం అనుమతి పంచాయతీ ఇస్తాది, పట్నంలో అయితే మున్సిపాలిటీ టౌన్ ప్లానింగు వాళ్లు ఇస్తారు. పట్నంలో బాడుగకు తీసుకునే సంఘాలు ప్లాను ఒక్కటే కాకుండా, కట్టడం పూర్తయినాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా అడగాల. మేము సచివాలయంలో పంచాయతీ సెక్రటరీని అడిగితే కింది ఇంటికి అనుమతి ఉంది, పై హాలుకు లేదు అని తేలింది.

పై హాలు వద్దని మేము ఎందుకు పట్టుబట్టినామో చెప్పాల. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్ అనే ఊర్లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల బిల్డింగు కూలింది. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు బాడుగకు ఉండేవి. పై అంతస్తులు అనుమతి లేకుండా కట్టినవి. వాటి మీద బరువైన జనరేటర్లు, మిషన్లు పెట్టినారు. ముందురోజే గోడలు పగిలినాయి. కింద ఉన్న బ్యాంకు, అంగళ్లు మూసేసినారు. కుట్టుపని వాళ్లను మాత్రం పనికి రమ్మన్నారు. 1,100 మందికి పైగా చచ్చిపోయినారు, ఎక్కువమంది మనలాంటి ఆడవాళ్లే. మాది చిన్న ఊరు, చిన్న హాలు. అయినా ఆ హాలు ఎంత బరువు మోస్తాదని ఎవరూ చూడలేదు. దాని మీద మిషన్లు, బెల్లం బస్తాలు, చెనక్కాయ మూటలు, పది మంది మనుషులు. నెలకు 1,500 మిగులుతాదని దాంట్లోకి ఎక్కలేమని చెప్పి కింది ఇల్లే అడిగినాము.

తర్వాత వచ్చిన కష్టం చిన్నాయన ఒప్పుకోవడం. ఏ అనుమతి కావాలన్నా ఇంటి యజమాని నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం అడుగుతారు. ఉత్తరం మాట ఎత్తగానే ఆయన, "ఏమ్మా, ఇల్లు ఇస్తానంటే మీ పేరు మీద కాగితాలు పుట్టించుకుంటారా?" అన్నాడు. బెంగళూరులో ఉండే కొడుకు ఫోన్ చేసి సంతకం పెట్టొద్దన్నాడు. ఆయన భయం మాకు అర్థమైంది. బాడుగకు వచ్చినోళ్లు ఖాళీ చేయకుండా కోర్టుకు పోయిన కథలు ప్రతి ఊర్లో ఉంటాయి. మేము కోపం చేసుకోలేదు. గ్రామ సంఘం అధ్యక్షురాలిని తోడు పిలుచుకుని పోయి, "చిన్నాయనా, ఇంటిపన్ను నీ పేరు మీదే ఉంటాది, కరంటు మీటరు నీ పేరు మీదే ఉంటాది. లైసెన్సు మా చిక్కీ పనికి ఇచ్చేది, నీ ఇంటికి కాదు. ఖాళీ చేసిన రోజు దాన్ని రద్దు చేయించి రసీదు నీ చేతిలో పెడతాము" అని చెప్పినాము. ఈ మాటలన్నీ అగ్రిమెంటులో రాయిస్తామన్నాము. కొడుకుకు రాతప్రతి వాట్సాప్‌లో పంపినాము. పన్నెండు రోజులకు ఒప్పుకున్నారు.

అగ్రిమెంటు గురించి రెండు మాటలు. పదకొండు నెలలకు రాసుకున్నా మన రాష్ట్రంలో రిజిస్ట్రేషను తప్పనిసరే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయాల్సిందే. మేము గోడలకు సున్నం, పొయ్యి గట్టు, పొగ గొట్టం, అన్నిటికీ మా డబ్బు పెట్టాలి. పదకొండు నెలలకే లేపేస్తే ఆ డబ్బు పోతాది. అందుకని మూడేండ్లకు రిజిస్టరు చేయించినాము, ఖర్చు మేమే పెట్టుకున్నాము. సంఘం తీర్మానం జత చేసి సంఘం తరపున ఇద్దరు లీడర్లు సంతకం పెట్టినారు. ఒక్క మనిషి సొంత పేరు మీద రాయించలేదు.

ఆ అగ్రిమెంటులో మాకు అన్నిటికంటే పనికొచ్చిన షరతు ఇది. బాడుగ లెక్క తాళం ఇచ్చిన రోజు నుంచి కాదు, అనుమతులు చేతికి వచ్చిన రోజు నుంచి. రెండు నెలల లోపల రాకపోతే 20,000 అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇయ్యాలి. ఈ షరతు ఉంది కాబట్టి చిన్నాయన కూడా మాతో పాటు సచివాలయానికి తిరిగినాడు.

ఇంక కరంటు. ఇంటి మీటరు మీద వ్యాపారం చేయకూడదు. ఇంటి వాడకం ఒక క్యాటగిరీ, అంగడి ఒకటి, మిషన్లు నడిపే పని ఒకటి. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద, వేరే పనికి వాడితే రెండింతల రేటు వేస్తారు. ఎప్పటి నుంచి వాడినారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్క కడతారు. అది మీటరు ఉన్నాయన ఒక్కడే కాదు, వాడుకుని లాభపడినోళ్లు కూడా కట్టాల్సి రావచ్చు. ఎస్పీడీసీఎల్ ఆఫీసులో అర్జీ పెట్టి, మిషన్ల లోడు ఎంతో చెప్పి, క్యాటగిరీ మార్పించుకున్నాకనే మిషను దింపినాము.

పంచాయతీలో రెండు అర్జీలు పెట్టినాము. ఒకటి వ్యాపారం లైసెన్సుకు, ఇంకోటి మోటారుతో నడిచే మిషను పెట్టేదానికి. తినే వస్తువు కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషను కూడా కావాల. మేము తీసుకున్నప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపల ఉండే చిన్న యూనిట్లకు ఏడాదికి 100 రూపాయలే ఫీజు. 14 అంకెల నంబరు ఇస్తారు, ప్యాకెట్టు మీద వేయాలి. ఆ నంబరు ఆ చిరునామాకే. పడసాలలో ఉన్నప్పుడు తీసుకున్న నంబరుతో కొత్త ఇంట్లో పని చేయలేము. చోటు మారితే మళ్లీ అర్జీ పెట్టాల. గ్యాసు కూడా అంతే, ఇంటి 14.2 కిలోల సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోలది తీసుకోవాల.

నీళ్ల మాట కూడా చెప్పాల. ఎండాకాలం కొళాయి నీళ్లు చాలవని చిన్నాయన పెరట్లో బోరు వేయిస్తానన్నాడు. ఆయన మంచికే అన్నాడు. మన రాష్ట్రంలో 2002 వాల్టా చట్టం ఉంది, కొత్త బోరుకు ముందు అనుమతి కావాల. మన నేలలో బోరు వేస్తే నీళ్లు పడతాయనే నమ్మకమూ లేదు, పడినా చాలా చోట్ల ఫ్లోరైడు. అందుకని బోరు వద్దని, ఒక సింటెక్స్ ట్యాంకు పెట్టించమన్నాము.

వీటన్నిటికీ ఏడు వారాలు పట్టింది. ఊరికే పట్టలేదు. సంక్రాంతికి వచ్చిన పెద్ద ఆర్డరు వదులుకున్నాము. మిషను కొట్లోనే ఉంది, అప్పు వడ్డీ మాత్రం నడిచింది. మాలో ఇద్దరు, "కాగితాలు పొయ్యి మీద పెట్టుకుని వండుతామా, ముందు దిగుదాం" అని గట్టిగా అన్నారు. ఒకామె బెంగళూరుకు బస్సు టికెట్టు కూడా తీసుకుంది. ఆమెది మొండితనం కాదు, ఇంట్లో బియ్యం లేవు. ఆ నెల సంఘం పొదుపులో నుంచి ఆమెకు 3,000 అప్పు ఇచ్చి నిలబెట్టుకున్నాము. పాత పడసాలలోనే చిన్న ఆర్డర్లు చేస్తూ కాలం గడిపినాము.

దిగిన మూడో నెలలో మిషను మోత ఎక్కువుందని పక్కింటోళ్లు పంచాయతీకి చెప్పినారు. విచారణకు వచ్చినోళ్లకు లైసెన్సు, మిషను అనుమతి, కరంటు కాగితం, అగ్రిమెంటు ఒక ఫైలులో పెట్టి ఇచ్చినాము. చూసినారు. పొద్దున ఎనిమిది లోపల, రాత్రి ఏడు తర్వాత మిషను వేయొద్దని చెప్పి పోయినారు. మేము ఒప్పుకున్నాము. పక్కింటోళ్లది కూడా న్యాయమే, వాళ్ల ఇంట్లో చదువుకునే పిల్లలు ఉన్నారు. కాగితాలు లేకుండా ఉంటే ఆ రోజు జరిగే మాట మోత గురించి కాదు, యూనిట్టు మూసే మాట. బెంగళూరు టికెట్టు తీసుకున్న మా చెల్లెలే ఇప్పుడు ఆ ఫైలు భద్రంగా చూసుకుంటుంది.

మిగతా సంఘాలకు మేము చెప్పేది ఇంతే. ఇల్లు నచ్చినాక ముందు పట్టా చూడండి, తర్వాత కట్టడం అనుమతి చూడండి. యజమాని భయాన్ని తీసిపారేయకుండా అగ్రిమెంటులోనే జవాబు రాయండి. అనుమతులు వచ్చినాకనే బాడుగ మొదలయ్యేటట్లు రాయించుకోండి. కరంటు, పంచాయతీ, ఫుడ్ సేఫ్టీ అర్జీలు ఒకటి అయినాక ఒకటి కాకుండా ఒకే వారంలో పెట్టండి. ప్రతి రసీదు సంఘం ఫైలులో ఉండాల, ఎవరి ఇంటి బీరువాలోనో కాదు.

సమాఖ్యకు ఒక విన్నపం. ఏడు వారాలు ఆదాయం లేకుండా నిలబడడం అన్ని సంఘాలకూ సాధ్యం కాదు. అనుమతులు వచ్చే వరకు వడ్డీ భారం తగ్గేటట్లు, లేకుంటే ఆ కాలానికి చిన్న అప్పు దొరికేటట్లు ఈ సభలో ఆలోచన చేయాలని కోరుతున్నాము. అగ్రిమెంటు నమూనా కావాలనే సంఘాలు మా దగ్గరికి రండి, రాసుకోవడానికి ఇస్తాము.