రంగురంగుల దీపాలు – మన పిల్లల చదువు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మిలాద్ వచ్చినా, ఇంట్లో షాదీ జరిగినా మన వెల్దుర్తిలో సీరియల్ సెట్లు కట్టడం మామూలే. ఆ దీపాలు కిరాయికి వస్తాయి, తెల్లారి వెళ్ళిపోతాయి. వాటిని ఆడించే విద్య మాత్రం మన ఇంట్లో నిలవదు. ఆ విద్య గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, విద్యార్థులకు చౌకగా అందాలనే ఉద్దేశంతో ఆర్డ్యునో అనే బోర్డును తయారుచేశారు. అరచేతిలో ఇమిడిపోతుంది. కంప్యూటర్‌లో మనం రాసిన హుకుంలను అందులోకి పంపిస్తే, ఆ తరువాత కంప్యూటర్ లేకపోయినా వాటిని వరసగా అమలు చేస్తుంది. సెన్సర్ ద్వారా కబురు తెలుసుకుంటుంది, దీపం ద్వారా జవాబు చెబుతుంది.

ఆ హుకుం ఎలా ఉంటుంది? మన ఇళ్ళలో మాట్లాడినట్టే ఉంటుంది: "అంధేరా హువా తో బత్తీ జలావ్, నై తో బుఝావ్." ప్రోగ్రాం అంటే ఇంతే. అక్కడ ఇఫ్, ఎల్స్ అని రాస్తారు. ఉర్దూ మీడియం పిల్లలకి ఇంగ్లీషు రాదు, కాబట్టి కంప్యూటర్ రాదు అనే పెద్దలు ఇది గమనించాలి. చీకటి పడగానే వెలిగే దీపానికి కావలసిన ఇంగ్లీషు మాటలు పది పన్నెండు. ముఖ్యంగా కావలసింది వరస తప్పకుండా ఆలోచించడం. అది ఏ భాషలోనైనా అలవడుతుంది.

ఇది మనకు పరాయి విద్య కూడా కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే అల్గారిథం అన్న మాట వచ్చింది. 1206లో అల్ జజరీ రాసిన యంత్రాల గ్రంథంలో ఏనుగు గడియారం ఉంది. చిల్లు గిన్నె నీళ్ళలో మెల్లగా మునిగి, అరగంటకోసారి బొమ్మలను కదిలిస్తుంది. ఆ గిన్నె చేసిన పనే ఇవాళ టైమర్ చేస్తున్నది.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకే చిన్న ఎల్‌ఈడీలో అమర్చి, ఒక్కో రంగుకు 256 మెట్లు ఇస్తే 1,67,77,216 రంగులు వస్తాయి. లెక్కలంటే భయపడే పిల్లవాడు కూడా ఈ గుణకారం ఇష్టంగా చేస్తాడు. మిరప చేలో నేల తడిని చూసే సెన్సర్ పెట్టి, తడి ఉంటే ఆకుపచ్చ, ఆరిపోతే ఎరుపు వెలిగేట్టు చేస్తే అబ్బాజాన్‌కు కూడా అక్కరకొస్తుంది. ఒక్క జాగ్రత్త: పిల్లలు మొబైల్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులతోనే పనిచెయ్యాలి. ఇంటి కరెంటు, మోటారు స్టార్టరు ముట్టుకోకూడదు.

6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం 2016లో కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం పెట్టింది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. కాని అన్ని బడులూ ఎంపిక కావు. మన బడికి వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు.

కాబట్టి సంఘానికి మా విన్నపం ఇది. దీపాల కిరాయిలో కొంత మిగిల్చి రెండు మూడు బోర్డులు కొనండి. ఆదివారం అస్ర్ నమాజు తరువాత ఒక బల్ల పిల్లలకు వదలండి. ఆడపిల్లలకూ ఆ బల్ల దగ్గర సమానంగా చోటివ్వండి. బహుమతి ఎక్కువ తళుకులకు కాదు, దీపం ఎందుకు వెలిగిందో చెప్పగలిగిన బిడ్డకు ఇవ్వండి. పదవ తరగతితో చదువు ఆపే బిడ్డ ఒక్కరైనా ఆ ధైర్యంతో పాలిటెక్నిక్ గడప తొక్కితే మన ఖర్చు వృథా పోదు.

అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్ ప్రసాదించుగాక. వస్సలాం.