ఇల్లడగా వచ్చిన ప్రాణులు
(మన సంఘ సభయందు ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితురాలను గాను. మా పూర్వులు కొన్ని తరముల క్రిందట బెంగుళూరు చేరిరి. తొమ్మిది సంవత్సరములుగా నేను, ఊళ్ళకు వెళ్ళువారి కుక్కలను, పిల్లులను మా యింట నుంచుకొని, వారు తిరిగి వచ్చువఱకు సాకి, అందులకు ప్రతిఫలము పుచ్చుకొనుచున్నాను. దీనికి నేడు ‘పెట్ సిట్టింగు’ అని పేరు. “డబ్బు తీసికొని చేయు పనిలో కన్నీ రెందుకు?” అని నన్నడుగువారు పలువురు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానము చెప్పుకొందును.

మొదట నా తప్పు చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక కన్నడ కుటుంబమువారు ఉద్యోగరీత్యా విదేశమునకు వెళ్ళుచు, తమ కుక్కను పదునొకండు నెలలు నాకడ నుంచిరి. దాని పేరు కరియ. నేను దానిని ‘నల్లన్నా’ అని పిలువసాగితిని. ‘బా’ అన్న వచ్చు ప్రాణికి ‘రా’ అని నేర్పితిని. యజమానులు ఫోనులో కనబడి మాటాడునపుడు, ఆ యింటి పాప గొంతు విని అది తోక యాడించుచు పరుగెత్తి వచ్చెడిది. అది నాకు నచ్చలేదు. ఏదో నెపము చెప్పి మాట ముగించెడిదానను.

వారు తిరిగి వచ్చిరి. పాప చేతులు చాచి, “కరియా, బా ఇల్లి” అని పిలిచెను. కుక్క కదలక నా ముఖమువంక చూచెను. పాప యేడ్చెను. ఆ క్షణమున నాకు గర్వము కలిగెను. మరుక్షణమున సిగ్గు కలిగెను. పరభాషల నడుమ బ్రతుకుచు, ఇంటిమాటతో పిలుచుకొనుట యెంత తీపియో యెఱిగిన నేనే, ఆ తీపిని ఒక పసిబిడ్డకు దూరము చేసితిని.

నమ్మి యొకరింట దాచిన సొమ్మును మన పెద్దలు ‘ఇల్లడ’ యనిరి. దానిని కాపాడవలెను, తనది చేసికొనరాదు, అడిగిననాడు ఉన్నదున్నట్లు అప్పగింపవలెను. నాకడకు వచ్చు ప్రాణియు ఇల్లడయే. కాని నగకు మనసు లేదు, కుక్కకు కలదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

భాగవతమున పంచమ స్కంధమందలి భరతుని కథ మీ రెఱుగుదురు. మన తెలుగున ఆ స్కంధమును రచించినవాడు గంగన. రాజ్యము విడిచిన భరతుడు, ఏటిలో పడిన లేడిపిల్లను రక్షించి పెంచి, దానిపై మమకారముచేత తపస్సు మఱచి, మరుజన్మమున లేడియై పుట్టెను. పిల్లను ఏటినుండి తీయుట తప్పు గాదు. దాని ధ్యాసలో తన విధిని మఱచుట తప్పు.

మమకారము పుట్టకుండ జేయుట మన వశము గాదు. కుక్కయు దాని యజమానియు కన్నులలో కన్నులు పెట్టి చాలసేపు చూచుకొన్నపుడు, ఇద్దరి దేహములందును ఆక్సిటోసిన్ అను ద్రవ్యము పెరుగునని 2015లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తల్లీబిడ్డల అనుబంధమునకు తోడ్పడునదియు నదియే. అమెరికాలో 1929లో స్థాపితమైన ‘సీయింగ్ ఐ’ సంస్థ, అంధులకు దారిచూపు కుక్కలను తయారు చేయును. ఆ కూనలను కొన్ని కుటుంబములు ఏడాది దాటువఱకు పెంచి, పిదప శిక్షణకై తిరిగి యిచ్చును. తమది కాదని తెలిసియే వారు ప్రేమింతురు.

కరియ వెళ్ళిన పిదప నేను కొన్ని నియమములు పెట్టుకొంటిని. ప్రాణి పేరును, పిలుపును, తిండివేళను, నడకవేళను పుస్తకమున వ్రాసికొని, వానిని మార్చను. యజమాని కప్పుకొన్న దుప్పటి యొకటి అడిగి తీసికొని దాని పక్కలో పఱతును. ప్రతిదినము ఒక ఛాయాచిత్రము వారికి పంపుదును. పంపినపుడెల్ల అది యెవరిదో నాకును జ్ఞప్తికి వచ్చును. అప్పగించునాడు చాటున దాగక, గొలుసును నా చేతితోనే వారి చేతికిత్తును. ఆ సాయంకాలము గిన్నె తోమి, పక్క ఉతికి ఆరవేసి, రెండు దినములు వేఱొక ప్రాణిని తీసికొనను.

అయినను బెంగ కలుగును. లోకము గుర్తింపని దుఃఖమును గూర్చి కెనెత్ డోకా అను అమెరికా పండితుడు 1989లో ఒక గ్రంథము వెలువరించెను. చెప్పుకొన చోటులేని దుఃఖము మఱింత బరువని నా యనుభవము. మా అత్తగారు మాత్రము, “బెంగగా ఉందా అమ్మాయీ?” అని యడిగి, లోటాతో కాఫీ తెచ్చి యిత్తురు. అంతటితో సగము తీరును. మీ యిండ్లలో ఇట్టి పని చేయువా రున్నచో, ఆ యొక్క మాట అడుగుడని నా మనవి.

నిరుటి వేసవిలో ఆ కుటుంబమువారు కరియను మఱల పది దినములు నాకడ విడిచిరి. ఈమాఱు ‘కరియా, బా’ అనియే పిలిచితిని. పాప వచ్చి పిలువగానే అది వెనుదిరిగి చూడక పరుగెత్తెను. ఆనాడును కన్నీరు వచ్చెను గాని, సిగ్గు రాలేదు.