చివరి అరగంట మీది
(కౌలు రైతుల శిక్షణ తరగతుల ముగింపులో చేసిన ప్రసంగం)



రెండు రోజుల క్లాసులు ముగింపుకొచ్చాయి. బస్సు వేళయిందని, పాలు పితికే వేళయిందని కొందరు లేవబోతున్నారు. ఒక్క అరగంట ఆగమని అడుగుతున్నాం. ఇంతవరకు మేం మాట్లాడాం, మీరు విన్నారు. ఇక మీరు చెప్పాలి, మేం రాసుకోవాలి.

మన దగ్గర ఒక అలవాటుంది. చివర్లో ఒకరిద్దరు లేచి "చాలా బాగుంది, ఎన్నో విషయాలు తెలిశాయి" అంటారు. చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోతాం. ఆ మాట మాకు సంతోషమే గానీ సంఘానికి పనికొచ్చేది కాదు.

కిందటి క్లాసులో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 గురించి గంటన్నర చెప్పాం. 11 నెలల ఒప్పందం, సాగుదారు కార్డు, దానితో పంట రుణం, బీమా, పంట నష్టపరిహారం అన్నీ వివరించాం. అందరూ బాగుందన్నారు. బయట చెప్పులేసుకుంటూ ఒక కౌలు రైతమ్మ అడిగింది: "సంతకం పెట్టమంటే వచ్చే ఏడు పొలం ఇస్తారా అయ్యా?" అసలు సంగతి అదే. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అవసరం ఉండేది కాదు. 2019 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. మా క్లాసు అక్కడ మొదలవ్వాల్సింది. ఆ ప్రశ్న క్లాసులో కాక గుమ్మం బయట వచ్చిందంటే లోపం మాదే.

ఆమె లోపల ఎందుకు అడగలేదు? మన సంఘంలో భూమి కౌలుకిచ్చినవాళ్లూ ఉన్నారు, తీసుకున్నవాళ్లూ ఉన్నారు. యజమాని ఎదురుగా కూర్చుంటే కౌలుదారుకు నోరు పెగలదు.

అందుకే ఈసారి చీటీలు పంచుతున్నాం. పేరు రాయొద్దు. మూడే ప్రశ్నలు: ఏది అర్థం కాలేదు? మీ ఊళ్లో ఏది జరగదనిపించింది, ఎందుకు? వెళ్లాక మీరు చేసే మొదటి పని ఏమిటి? రాయలేనివాళ్లు తమకు నమ్మకమున్న మనిషి చేత రాయించుకోండి. చెప్పింది చెప్పినట్టే రాయాలి, మెరుగులు దిద్దొద్దు. నోటితో చెప్పదలచినవారిలో ముందు మహిళలు, తర్వాత కౌలుదారులు, చివర నాయకులు. క్లాసు చెప్పిన మేం మధ్యలో సమర్థించుకోం.

ఈ చీటీలు బీరువాలో పడి ఉండవు. వచ్చే మండల కమిటీ సమావేశంలో ఒక్కొక్కటీ చదువుతాం. తహశీల్దారుకిచ్చే వినతిపత్రం వాటి నుంచే తయారవుతుంది. తర్వాతి క్లాసు వాటితోనే మొదలవుతుంది.

రండి, చీటీలు తీసుకోండి.