ఇంటిలోనే భాండాగారము

మన ఫోనులలోని ఫొటోలను, కాగితములను దాచిపెట్టు చోటునకు క్లౌడు అని పేరు వచ్చినది. క్లౌడు అనగా మేఘము. పేరు చక్కనిదే గాని ఆ వస్తువు ఆకాశమున ఎక్కడను లేదు. నేలమీదనే, పెద్ద కట్టడములలో, ఇనుపచట్రములలో వరుసగా బిగించిన వేలకొలది కంప్యూటర్లే ఆ మేఘము. మనము తీసిన పెండ్లిఫొటో తీగలవెంట పయనించి అచ్చట ఒక డిస్కుమీద నిలుచును. ఆ డిస్కు మనది కాదు. మనది అద్దెకు తీసికొన్న అర మాత్రమే.

అద్దె లేని రోజులును కొన్ని నడచినవి. 2015లో గూగుల్ సంస్థ, కొంత నాణ్యము తగ్గించిన ఫొటోలను ఎన్నియైనను ఉచితముగా దాచిపెట్టెదమని ప్రకటించినది. జనము నమ్మి, పాత ఆల్బములను సైతము స్కాను చేయించి అచ్చట చేర్చినారు. 2021 జూన్ 1వ తేదీనుండి ఆ వసతి లేదు. ఆ తరువాత చేర్చిన ఫొటోలన్నియు, ఉత్తరములతోను తక్కిన కాగితములతోను కలిసి, ఉచితముగా ఇచ్చు 15 గిగాబైట్ల లెక్కలోనికే వచ్చినవి. ఫొటో ఒకటి నాలుగు మెగాబైట్లు అనుకొన్నచో ఆ అర 3,750 ఫొటోలతో నిండును. చంటిబిడ్డ ఉన్న ఇంట అది ఎన్నాళ్ల మాట?

అద్దె కట్టినంతమాత్రమున అపాయము తొలగినదనియు అనుకొనరాదు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గ్ నగరములో ఓవీహెచ్ అను సంస్థవారి ఐదంతస్తుల కట్టడము అగ్నికి ఆహుతియైనది. వేరొకచోట ప్రతి ఉంచుకొనని ఖాతాదారుల సమాచారము తిరిగి రాలేదు. మేఘము కూడ కాలునని ఆనాడు తెలిసినది.

ఈ కారణములచేత, సర్వరును ఇంటిలోనే ఏర్పరచుకొనవలెనని కొందరికి కోరిక పుట్టుచున్నది. సర్వరు అనగా భయపడవలసినది ఏమియు లేదు. అడిగినవారికి అడిగినది అందించుటకై రేయింబవళ్లు మేలుకొని ఉండు కంప్యూటరే సర్వరు. దానికి గొప్ప బలము అక్కరలేదు. మూలనపడిన పాత ల్యాప్‌టాపు చాలును. లేదా 2012లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జినుండి వెలువడి, అరచేతిలో ఇమిడిపోవు రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు చాలును. ఎంచుకొనునపుడు చూడవలసినది వేగముకన్న విద్యుత్తు ఖర్చు. డిస్కుతో కలిపి పది వాట్లు తీసికొను చిన్న యంత్రము, నెలంతయు ఆరకుండ పనిచేసినను ఏడు యూనిట్లు దాటి కొంచెము మాత్రమే కాల్చును. అరువది వాట్లు తీసికొను పాత డెస్క్‌టాపు అదే నెలలో 43 యూనిట్లు కాల్చును. ల్యాప్‌టాపులో మరియొక సౌకర్యము కలదు: కరెంటు పోయినపుడు దాని బ్యాటరీయే కొంతసేపు కాపాడును. అయితే ఏండ్ల తరబడి ఛార్జింగులోనే ఉన్న బ్యాటరీ ఉబ్బుట కలదు. ఉబ్బినదానిని వెంటనే తీయించివేయవలెను. ఇది నిర్లక్ష్యము చేయదగిన విషయము కాదు.

ఇక డిస్కు. 1956లో ఐబీయమ్ సంస్థ విడుదలచేసిన మొదటి హార్డ్ డిస్కు ఒక పెద్ద బీరువాకు తీసిపోనిది. అందులో పట్టినది సుమారు 50 లక్షల అక్షరములు. ఈనాటి లెక్కలో ఒకటి రెండు ఫొటోలు! ఇప్పుడు ఒక టెరాబైటు డిస్కు చొక్కాజేబులో పట్టును. అందులో నాలుగు మెగాబైట్ల ఫొటోలు రెండున్నర లక్షలు ఇముడును. తొలిసారి పెట్టుకొనువారు రెండు టెరాబైట్లతో ఆరంభించిన చాలును. చిన్న కంప్యూటరులో పెట్టు గోరంత మెమొరీ కార్డుమీద మాత్రము కుటుంబపు ఫొటోలను నిలుపరాదు. మాటిమాటికి వ్రాయుటచే అది అరిగి, ఒకనాడు చెప్పకుండ మూగపోవును.

యంత్రమును నడుపుటకు లినక్సు కుటుంబములోని డెబియన్ వంటి వ్యవస్థ ఉచితముగా దొరకును. దానిపైన ఫొటోలను, కాగితములను స్వీకరించి పంచిపెట్టుటకు నెక్స్ట్‌క్లౌడ్ అను సాఫ్ట్‌వేరు కలదు. జర్మనీకి చెందిన ఫ్రాంక్ కార్లిచెక్, తాను 2010లో మొదలుపెట్టిన ఓన్‌క్లౌడ్‌నుండి విడివడి 2016లో దీనిని స్థాపించినాడు. ఫొటోలు మాత్రమే ముఖ్యమనువారికి ఇమ్మిచ్ అనునది అనుకూలము. పద్ధతి సులభమే. సర్వరును వైఫైతో గాక తీగతోనే రౌటరునకు కలుపవలెను. రౌటరులో దానికి మారని చిరునామా ఒకటి కేటాయింపవలెను. ఇంటిలో ఎందరున్నారో అందరికి వేర్వేరు ఖాతాలు తెరువవలెను. అటుపైన ఎవరి ఫోను ఇంట అడుగుపెట్టినను, ఆనాటి ఫొటోలు వాటంతట అవియే సర్వరును చేరును. ఈ రాకపోకలు ఇంటి గోడలలోపలనే జరుగును గనుక ఇంటర్నెట్టు లేని రోజునను ఆగవు. సెకనుకు 20 మెగాబైట్ల చొప్పున 100 గిగాబైట్లు సుమారు గంటన్నరలో చేరును.

ఇంతవరకు వచ్చి, పని పూర్తియైనదని సంతోషించువారే ఎక్కువ. నిజమునకు అసలు పని ఇక్కడ మొదలగుచున్నది. ఫోనునుండి తీసి సర్వరులో పెట్టి, ఫోనులో చెరిపివేసినచో మన చేతిలో మిగిలినది ఒక్క ప్రతియే. నిన్నటిదాక ఒక పెద్ద సంస్థ కాపాడిన వస్తువును, నేడు వంటింటి గోడ ప్రక్కనున్న ఒక్క డిస్కునకు అప్పగించినాము. డిస్కు తిరుగుడు వస్తువు. అది ఎప్పుడో ఒకప్పుడు పోవును.

రెండు డిస్కులు పెట్టి ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోనికి కూడ పోవునట్లు అమర్చెదమని కొందరందురు. దీనిని రెయిడ్ అందురు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను ముగ్గురు ప్రచురించిన వ్యాసముతో ఈ పేరు ప్రసిద్ధికెక్కినది. ఒక డిస్కు పాడైనను పని ఆగకుండుటకు అది మంచిదే. కాని పొరపాటున ఒక ఫొటో చెరిపినచో రెండు డిస్కులలోను ఒకే క్షణమున చెరుగును. పిడుగు పడినచో రెండును కలిసి పోవును. దొంగ వచ్చినచో పెట్టెతో సహా పట్టుకొనిపోవును. ఫోనును సర్వరును సమానముగా ఉంచు ఏర్పాటును అట్టిదే. ఇచ్చట తుడిచినది అచ్చటను తుడిచిపోవును. నెక్స్ట్‌క్లౌడ్ చెత్తబుట్టలో చెరిపినవి సాధారణముగా 30 దినములు ఉండును గాని, ముప్పది యొకటవనాడు జ్ఞప్తికి వచ్చినది దొరకునను భరోసా లేదు.

ఈ సంగతి మన పూర్వులకు బాగుగ తెలియును. తాటాకు పురుగుపట్టి శిథిలము కాకముందే కొత్త ఆకులమీద మరియొక ప్రతి వ్రాయించుట వారి అలవాటు. బ్రౌను దొర లేఖకులకు జీతములిచ్చి కావ్యములకు ప్రతులు వ్రాయించినాడు. ఆ ప్రతులు వేరొకచోట ఉండబట్టియే కొన్ని గ్రంథములు మనకు దక్కినవి. ఈనాడు పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు ప్రచారము చేసిన సూత్రమును అదే చెప్పుచున్నది: ప్రతులు మూడు, అవి రెండు విధములైన సాధనములమీద, అందొకటి ఇంటికి దూరముగా. మన ఇండ్లలో ఇది కష్టము కాదు. మరియొక ఊరిలో అన్నగారో అత్తవారో ఉండకపోరు. తాళమువేసినట్లు రహస్యలిపిలోనికి మార్చిన డిస్కు నొకదానిని వారి బీరువాలో ఉంచి, దసరాకు సంక్రాంతికి పోయినపుడు కొత్త ప్రతి ఇచ్చి పాతది తెచ్చుకొనవచ్చును. అంతతో చాలదు. నెలకొకసారి ఏదో ఒక ఫొటోను ఆ ప్రతినుండి వెనుకకు తెచ్చి తెరచి చూడవలెను. తెరువబడని ప్రతి ఉన్నను లేనట్లే. ఈ పరీక్ష కొన్ని నెలలు నెగ్గువరకు అద్దె అరను ఖాళీ చేయవద్దని నా గట్టి సలహా.

దూరమునుండి చూచుటెట్లు? డాలసులోని కుమారునికి, మెల్‌బోర్నులోని కుమార్తెకు ఇంటి ఫొటోలు అందవలెను గదా! రౌటరు తలుపు లోకమునకంతకును తెరచుట సులభమైన దారివలె తోచును. అది ప్రమాదము. 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ సంస్థవారి నిల్వయంత్రములు ఇంటర్నెట్టునుండి అందుబాటులో ఉన్న ఇండ్లలోనికి క్యూలాకర్ అను దుష్ట ప్రోగ్రాము చొరబడి, ఫైళ్లకు తాళమువేసి, తాళపుచెవికి సొమ్ము అడిగినది. పైగా తలుపు తెరచినను అతిథి రాలేకపోవచ్చును. పాత పద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు సుమారు 429 కోట్లే. వాటి ప్రపంచ భాండారము 2011 ఫిబ్రవరి 3వ తేదీన నిండుకొన్నది. అందుచే సంస్థలు అనేక ఇండ్లకు ఒకే బహిరంగపు చిరునామాను ఉమ్మడిగా ఇచ్చుచున్నవి. మీ రౌటరు బయటి చిరునామా 100తో మొదలై, రెండవ సంఖ్య 64కు 127కు నడుమ ఉన్నచో మీది ఉమ్మడి వాకిలియే. దీనికి తగిన ఉపాయము వైర్‌గార్డ్. 2020 మార్చిలో లినక్సు గర్భములోనికే చేర్చబడినది. ఇది మన ఫోనునకును ఇంటికిని నడుమ ఒక రహస్యమార్గము వేయును. దానిని ఆధారము చేసికొన్న టెయిల్‌స్కేల్ వంటివి ఉమ్మడి వాకిలి వెనుకనున్న ఇండ్లను కూడ కలుపును.

ఒక్క చిక్కు యంత్రమునకు సంబంధించినది కాదు. ఇంటిలో సర్వరు తెలిసినవారు సాధారణముగా ఒక్కరే ఉందురు. వారు ఆసుపత్రిలో ఉన్ననాడు, లేదా అసలే లేనినాడు, పాస్‌వర్డు ఎవరికి తెలియును? అద్దె అరకైనచో సంస్థవారికి అర్జీ పెట్టుకొనవచ్చును. రహస్యలిపిలోనున్న డిస్కు ఎవరి అర్జీని వినదు. కావున పాస్‌వర్డును, డిస్కులున్న చోట్లను, ప్రతిని తెరచు విధమును కాగితముమీద తెలుగులో వ్రాసి, కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులతో ఉంచవలెను. ఒక ఆదివారము ఆ కాగితము మాత్రమే చేతికిచ్చి, భార్యచేతనో భర్తచేతనో ఒక ఫొటోను తెరిపించి చూడవలెను.

మొదట దేనిని దాచవలెనని అడుగుదురు. ధ్వనినే నమ్ముకొన్న వృత్తిలో ఉన్నవాడను గనుక నాకు పక్షపాతము కలదు. అందరును ఫొటోలను తలతురు. పెద్దల గొంతును మరతురు. వాట్సాపులో అమ్మమ్మ పంపిన మాటలు ఫొటోల ఆల్బములో కనబడవు. ఫోనులో వాయిస్ నోట్స్ అను వేరొక అరలో ఉండును. ఆండ్రాయిడ్ ఫోనైనచో తీగతో కంప్యూటరునకు తగిలించి, ఆ అరను మొత్తముగా ప్రతి తీసికొనవచ్చును. ఫోను మార్చుటకు ముందే ఆ పని కావలెను.